మిఠాయి యంగడి విద్యార్థి: ఐజాక్ అసిమోవ్ జీవితము

ఐజాక్ అసిమోవ్ ఏ దినమున పుట్టెనో నిశ్చయముగా చెప్పగలవారు లేరు. రష్యా దేశమున స్మొలెన్‌స్కు ప్రాంతములోని పెట్రోవిచి యను చిన్న యూరిలో ఒక యూదుల యింట ఆయన జన్మించెను. ఆనాడు ఆ దేశము విప్లవముచేతను అంతర్యుద్ధముచేతను అల్లకల్లోలముగా నుండెను. జననమరణముల పద్దు సరిగా వ్రాయు దిక్కు లేదు. పంచాంగములును రెండు; ప్రభుత్వముది యొకటి, యూదులది యొకటి. రెండింటికిని తేదీలు పొసగవు. 1919 అక్టోబరు 4వ తేదీకిని 1920 జనవరి 2వ తేదీకిని నడుమ నేదో యొకనాడని మాత్రమే తేలినది. ఆయన యా కడపటి తేదీనే జన్మదినముగా నెంచుకొని జీవితాంతము జరుపుకొనెను. ఇది స్వల్ప విషయముగా తోచవచ్చును. లెక్కలోని యొక యంకె మనుష్యుని నెంతదూరము నడిపింపగలదో ఈయన చరిత్రలోనే ముందు కానవచ్చును.

1921లో పెట్రోవిచి పిల్లలలో 17 మందికి న్యుమోనియా జ్వరము తగిలెను. వారిలో 16 మంది మరణించిరి. బ్రదికి బయటపడినవాడు ఐజాక్ ఒక్కడే. తండ్రి జూడా, తల్లి ఆనా రేచెల్ ఆ బాలుని, వాని చెల్లెలిని వెంటబెట్టుకొని ఓడ యెక్కి 1923 ఫిబ్రవరి 3వ తేదీన అమెరికా చేరిరి. న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ అను భాగములో కాపురము పెట్టిరి. ఇంటిలో యిడ్డిషు భాష, వీథిలో ఇంగ్లీషు. పుట్టిన దేశపు భాషయగు రష్యను ఆయనకు రానేలేదు. ఐదవ యేట ఆ బాలుడు తనంతట తానే ఇంగ్లీషు చదువ నేర్చెను. కొంతకాలమునకు చెల్లెలికి తానే గురువయ్యెను. 1928లో వారికి అమెరికా పౌరసత్వము లభించినది.

1926లో తండ్రి ఒక మిఠాయి యంగడి కొనెను. పేరునకు మిఠాయి యంగడియే గాని, అందు సోడా, పొగాకు, చుట్టలు, దినపత్రికలు, మాసపత్రికలు అన్నియు నమ్మబడుచుండెను. ఉదయము 6 గంటలకు తెరచిన తలుపు అర్ధరాత్రి దాటి 1 గంటకు గాని మూయబడదు. కూలివానిని పెట్టుకొను స్తోమత లేదు గనుక భార్య, భర్త, పిల్లలు అందరును అందులో పనివారలే. బడి విడిచినతోడనే ఐజాక్ అంగడిబల్ల వెనుక నిలువవలెను. ఒక యంగడి తరువాత నొకటిగా కొన్ని మారినవి గాని పని మారలేదు. ఆయన పెద్దవాడై, ధనము సంపాదించి, ఎవరి యాజ్ఞకును లోబడనక్కరలేని కాలమున గూడ తెల్లవారుజామున లేచి కూర్చుండి దినమంతయు పని చేయుచుండెను; పండుగ నాడును మానలేదు. చిన్ననాడు పట్టిన యంగడి వేళలు ఆ దేహమును విడువలేదన్న మాట.

ఆ బాలునకు ఒక విచిత్రమైన కోరిక యుండెడిది. నేలక్రింద నడచు రైలుస్టేషనులలో పత్రికలమ్ము చిన్న చిన్న కొట్లు కలవు. కిటికీ లేని యట్టి కొట్టు తనకొకటి యుండిన, పైన దీపము వెలుగుచుండగా, దూరమున బండ్ల చప్పుడు వినుచు లోపల కూర్చుండి పత్రికలన్నియు చదువుకొనవచ్చునని యాతని యాశ. ఇతర బాలురు మైదానములు కోరుకొనుచుండ ఇతడు మూసిన గదిని కోరుకొనెను. పెద్దయైన పిమ్మట ఆ కోరిక తీర్చుకొనెను. పట్టపగలు కిటికీ తెరలు దించుకొని విద్యుద్దీపము క్రింద వ్రాయుటయే ఆయనకు సుఖము.

అంగడిలో పత్రికలు వ్రేలాడుచుండెను గాని వానిని ముట్టుటకు తండ్రి యనుమతి లేదు. జూడా అసిమోవ్ తన మతగ్రంథములను శ్రద్ధతో చదివినవాడు. చౌక కాగితముపై రంగురంగుల బొమ్మలతో అచ్చగు కథల పత్రికలు పిల్లలను చెరుపునని ఆయన నమ్మకము. 1929లో హ్యూగో గెర్న్స్‌బాక్ ప్రారంభించిన యొక పత్రిక యంగడికి వచ్చినది. దాని పేరిలో సైన్సు అను మాట యుండెను. తొమ్మిదేండ్ల యా బాలుడు ఆ మాటను తండ్రికి చూపి, ఇది శాస్త్రవిషయక పత్రిక యని వాదించెను. ఇంగ్లీషు అంతగా రాని తండ్రి ఆ యొక్క మాటను చూచి సమ్మతించెను. అయితే పత్రికను నలగకుండ, మడత పడకుండ చదివి మరల యమ్మకమునకు పెట్టవలెను. ఈ నిబంధన వలన నలవడిన నేర్పుతో ఆయన చదివిన పుస్తకములు చిరకాలము క్రొత్తవానివలెనే యుండెడివని చెప్పుదురు.

పత్రికలు అంగడివి, పుస్తకములు మాత్రము గ్రంథాలయమువి. పుస్తకము కొని యిచ్చు శక్తి తండ్రికి లేదు. అందుచేత ఆయన కుమారుని వెంటబెట్టుకొని పోయి ప్రజాగ్రంథాలయమున సభ్యత్వపు చీటి నిప్పించెను. ఇది ఆయన తన బిడ్డ కిచ్చిన ఆస్తి. ఏది చదువవలెను, ఏది విడువవలెను అని చెప్పు పెద్ద ఆ యింట లేడు. ఆ బాలుడు గ్రీకుల పురాణగాథలు చదివెను. హోమరు మహాకవి యిలియడ్ కావ్యమును మరల మరల చదివెను. చరిత్ర, శాస్త్రము, డికెన్సు నవలలు చేతికందిన వరుసను చదివెను. క్రమము లేని చదువు చదువే కాదని కొందరు పండితు లందురు. ఈయన విషయమున ఆ మాట చెల్లలేదు. చరిత్రకును రసాయనశాస్త్రమునకును నడుమ గోడ యున్నదని ఎవరును చెప్పకపోవుటచే ఆయనకు ఆ గోడ తెలియనే లేదు.

తరగతులు దాటించి దాటించి యుపాధ్యాయు లాయనను 15వ యేట ఉన్నతపాఠశాల ముగింపజేసిరి. కొలంబియా విశ్వవిద్యాలయపు ముఖ్య కళాశాల చేర్చుకొనలేదు; ఆ దినములలో యూదుల పిల్లలకు అట్టిచోట్ల పరిమితు లుండెడివి. దానికి అనుబంధముగా బ్రూక్లిన్‌లో నున్న చిన్న కళాశాలలో చేరవలసివచ్చెను. మొదట జంతుశాస్త్రము తీసికొనెను గాని, వీథిపిల్లిని చంపి కోయవలసివచ్చుటతో మనసు విరిగి రసాయనశాస్త్రమునకు మారెను. వైద్యకళాశాలలకు దరఖాస్తు పెట్టగా ఒక్కటియు చేర్చుకొనలేదు. 1939లో కొలంబియా పట్టము, 1941లో ఎం. ఏ. పట్టము పొందెను.

ఈ నడుమనే ఆయన కథ లారంభించెను. మొదటి కథను 1937 మే నెలలో ప్రారంభించి ఏడాదికి పైగా లాగి, 1938 జూన్‌లో ముగించెను. దానిని తపాలాలో పంపుటా, చేతికిచ్చుటా యను సంశయము కలిగినప్పుడు స్వయముగా పోయి యిమ్మని తండ్రి చెప్పెను. జూన్ 21వ తేదీన ఆ యువకుడు భయపడుచు అస్టౌండింగ్ అను పత్రిక కార్యాలయమునకు పోయెను. సంపాదకుడు జాన్ క్యాంబెల్ అప్పటికి 28 ఏండ్లవాడు. ఆయన ఈ మిఠాయి యంగడి పిల్లవానిని కూర్చుండబెట్టి గంటకు పైగా మాటలాడెను. కథను రెండు దినములలో త్రిప్పి పంపెను. కాని యెందులకు త్రిప్పి పంపుచున్నాడో వివరముగా వ్రాసెను. అది చాలినది. ఐజాక్ నెల కొక కథ చొప్పున వ్రాసి తీసికొనిపోవుట, క్యాంబెల్ తప్పులు చెప్పి త్రిప్పివేయుట, ఆతడు మరియొకటి వ్రాయుట ఇట్లు జరిగెను. మొదట అమ్ముడైన కథ వేరొక పత్రికకు పోయినది. పదమునకు ఒక సెంటు చొప్పున 64 డాలర్లు వచ్చినవి. 1939 మార్చి సంచికలో అచ్చయ్యెను. క్యాంబెల్ గూడ స్వీకరించిన యొక కథ ఆ సంవత్సరము జులై సంచికలో అచ్చయ్యెను. పదము లెక్కించి వెలకట్టు పద్ధతి కవిత్వము తెలిసినవారికి కష్టముగా తోచును. ఆ పిల్లవానికి మాత్రము అది కళాశాల జీతము.

1941 మార్చిలో ఒకనాడు క్యాంబెల్ ఆయనకొక ప్రశ్న వేసెను. వేయేండ్లకు ఒక్కరాత్రి మాత్రమే నక్షత్రములు కానవచ్చినచో మానవులు పరమానందముతో దైవమును కీర్తింతురని ఎమర్సన్ అను అమెరికా తాత్త్వికుడు తలచెను. క్యాంబెల్‌కు తోచినది వేరు. వారందరును పిచ్చివారగుదురని ఆయన మతము. పోయి ఆ కథ వ్రాయుమనెను. అప్పటికి 21 ఏండ్లవాడైన అసిమోవ్ వ్రాసిన యా కథయే నైట్‌ఫాల్.

ఆ కథలోని లోకమునకు ఆరుగురు సూర్యులు. ఒకడు క్రుంకిన నొకడు వెలుగుచునే యుండును గనుక అక్కడివారికి రాత్రి యను మాటకు అర్థము తెలియదు. 2049 ఏండ్ల కొక్కసారి మాత్రము ఒక్క సూర్యుడే మింట నుండగా వానికి గ్రహణము పట్టును. అప్పుడు చీకటి పడును. చీకటి నెరుగని జనులు భయముతో మతిపోయి, వెలుగు కొరకు చేతికందిన దానినెల్ల తగులబెట్టుదురు. భూమిని త్రవ్విన పరిశోధకులకు ఒకదానిపై నొకటిగా కాలిన నగరములు తొమ్మిది కానవచ్చినవి. ప్రతి నాగరికతయు పరాకాష్ఠ నందినపుడే బూడిదయైనది. ఈ మారు పండితులు గణించి ముందుగా తెలిసికొనిరి. సుమారు 300 మందిని ఒక రక్షిత స్థలమున దాచి, తమ శాస్త్రగ్రంథములను వారి కప్పగించిరి. తాము మాత్రము గ్రహణమును చూచుటకై బయట నిలిచిరి. చీకటి కమ్మినది, ముప్పదివేల నక్షత్రములు ఒక్కసారి వెలిగినవి. తాము చూచుచున్న ఆకాశమే లోకమనుకొన్న ఆ పండితులకు గూడ మతి నిలువలేదు. దూరమున నగరము మండుచున్న వెలుగుతో కథ ముగియును. దాచిన పుస్తకములు మిగిలినవో లేదో రచయిత చెప్పడు. ఈ కథకు పదమునకు సెంటు బదులు ఒకటింబావు సెంట్ల లెక్కన సొమ్ము వచ్చెను. అసిమోవ్ అది పొరపాటని తలచి, ఎక్కువ పంపితిరని సంపాదకునకు టెలిఫోను చేసి తెలిపెను. పొరపాటు కాదు, కథ బాగుగా నున్నందుకు ఇచ్చిన బహుమానమని క్యాంబెల్ బదులు చెప్పెను. 1968లో అమెరికా వైజ్ఞానిక కల్పనా రచయితల సంఘమువారు పూర్వకథలన్నింటిలో దీనినే శ్రేష్ఠముగా నెన్నుకొనిరి.

మరమనుష్యుల కథలును ఆ కాలమువే. అంతకుముందటి కథలలో మరమనిషి యనిన తన్ను చేసినవానినే మ్రింగు రాక్షసుడు. భస్మాసురుని కథకు మారురూపమన్నమాట. కత్తికి పిడి యుండును, మెట్లకు పట్టుగొయ్య యుండును, మరమనిషికి మాత్రము కట్టుబాటేల యుండరాదని అసిమోవ్ యోచించెను. క్యాంబెల్‌తో చర్చించి మూడు సూత్రములు కట్టెను. అవి 1942 మార్చిలో అచ్చైన కథలో మొదటిసారి పూర్తిగా కానవచ్చును. మానవునకు హాని చేయరాదు, హాని కలుగుచుండగా చూచి యూరకుండరాదు అనునది మొదటిది. ఆ సూత్రమునకు విరుద్ధము కానంతవరకు మానవుల యాజ్ఞను పాలింపవలెననునది రెండవది. ఈ రెండింటికిని భంగము లేనంతవరకు తన్ను తాను కాపాడుకొనవలెననునది మూడవది. వ్యాకరణ సూత్రములవలె చిన్నవి. వానికి వచ్చు చిక్కులు మాత్రము పెద్దవి. రెండు సూత్రములు పరస్పరము లాగినపుడేమగును? హాని యనగా దేహమునకేనా, మనసునకు గూడనా? ఆయన మరమనుష్యుల కథలలో ననేకము ఇట్టి ధర్మసందేహములపై నల్లినవే. వానిని చేర్చి 1950లో ఐ, రోబో యను సంపుటము వెలువరించిరి.

1941 ఆగస్టు 1వ తేదీన ఆయన క్యాంబెల్‌ను చూడ పోవుచు, చేతిలో కథ లేక, రైలులో ఒక పుస్తకము తెరచెను. అందలి బొమ్మ నుండి తలపులు సాగి సాగి సైనికుల మీదికి, సామ్రాజ్యముల మీదికి, గిబ్బన్ వ్రాసిన రోము సామ్రాజ్యపు పతనచరిత్ర మీదికి పోయినవి. ఆ చరిత్రను నక్షత్రమండలములకు పెంచి వ్రాసిన నెట్లుండునని తోచెను. అదియే ఫౌండేషన్. పాలపుంత యంతయు నొక్క సామ్రాజ్యము. పన్నెండువేల యేండ్లుగా నిలిచిన యా సామ్రాజ్యము లోలోపల పుచ్చిపోయినది. హరి సెల్డన్ అను గణితవేత్త ఆ సంగతిని లెక్కకట్టి కనుగొనును. ఒక్క మనుష్యుడేమి చేయునో ఎవరును చెప్పలేరు. కోట్లకొలది మనుష్యులు కలసి యెటు పోవుదురో గణితము చెప్పగలదని అతని సిద్ధాంతము. వాయువులో ఒక్క యణువు గతి తెలియకున్నను వాయువంతటి గతి తెలియునట్లని అసిమోవ్ తన రసాయనశాస్త్రము నుండి ఈ యుపమానము తెచ్చెను. ఒక్క కమతము పంట చెప్పలేనివాడును ఫిర్కా మొత్తపు దిగుబడిని సుమారుగా చెప్పగలడు. ఇది పల్లెవారికి క్రొత్తది కాదు.

పతనము తప్పదు, తరువాత ముప్పదివేల యేండ్లు చీకటి. దానిని వేయేండ్లకు కుదింపవచ్చునని సెల్డన్ చెప్పి, మానవుల విద్యలన్నింటిని చేర్చి యొక విజ్ఞాన సర్వస్వము కూర్చుటకని పండితులను లోకపు కొసనున్న చిన్న గ్రహమునకు పంపును. విజ్ఞాన సర్వస్వమనిన తెలుగువారికి కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు స్మరణకు వత్తురు. ఆ పని యెంత దొడ్డదో, ఒక్క జీవితమునకు లొంగనిదో ఆయన చరిత్రయే చెప్పును. ఆ గ్రహమున 50 ఏండ్లు పండితులు పుస్తకములు కూర్చుచునే యుందురు. ఇరుగుపొరుగు రాజ్యములు మీదికి వచ్చినపుడు వారికి నిజము తెలియును: సెల్డన్ కోరినది ఆ గ్రంథము కాదు. అది నెపము మాత్రమే. విద్య యెరిగిన జనమును ఒకచోట చేర్చి, అవసరము తరుముకొని రాగా ఆ విద్యను వాడుకొనునట్లు చేయుటయే అతని యుద్దేశము. గ్రంథములను ప్రేమించువారికి ఈ ఘట్టము కొంచెము నొప్పి కలిగించును. కాని నైట్‌ఫాల్‌లో దాచిన పుస్తకముల గతి చెప్పని రచయితయే ఇది వ్రాసెనని తలచినచో దీని బలము తెలియును. ఈ కథలు 1942 నుండి 1950 వరకు పత్రికలో వచ్చినవి; 1951 నుండి 1953 వరకు మూడు పుస్తకములైనవి. 1966లో ఆ కోవకు చెందిన కథామాలికలలో సర్వకాలములకు నిదియే శ్రేష్ఠమని హ్యూగో బహుమాన మిచ్చిరి.

ఈ లోపల యుద్ధము వచ్చినది. 1942లో ఆయన గెర్‌ట్రూడ్ బ్లూగర్‌మన్‌ను వివాహమాడి, ఫిలడెల్ఫియాలోని నౌకాదళపు ప్రయోగశాలలో రసాయన పరిశోధకుడుగా చేరెను. అచ్చట హైన్‌లైన్, డి క్యాంప్ అను మరి యిద్దరు కథకులును పనిచేయుచుండిరి. 1945లో యుద్ధము ముగిసినది. ముగిసిన తరువాత ఆయనకు సైన్యమునుండి పిలుపు వచ్చెను. ఇక్కడనే జన్మదినపు సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. చిన్ననాడు త్వరగా బడిలో వేయుటకై తల్లి ఆయన పుట్టిన తేదీని 1919 సెప్టెంబరు 7 అని వ్రాయించియుండెను. ఆ బాలుడు మూడవ తరగతిలో ఆ సంగతి తెలిసికొని, పట్టుబట్టి 1920 జనవరి 2గా దిద్దించెను. సైన్యము 26 ఏండ్లలోపు వారినే పిలుచుచుండెను. తల్లి వ్రాయించిన తప్పుడు తేదీయే నిలిచియుండిన ఆయనకు పిలుపు రాకపోయెడిది. పద్దు సత్యముగా నుండవలెనన్న యెనిమిదేండ్ల బాలుని పట్టుదలకు ఫలము తొమ్మిది నెలల సిపాయి కొలువు.

కథ అంతటితో ముగియలేదు. 1946లో పసిఫిక్ మహాసముద్రములోని బికినీ దీవులకడ అమెరికావారు అణుబాంబు పరీక్షలకు సిద్ధమైరి. ఆ పనికి పోవు దళములో అసిమోవ్ చేర్చబడెను. ఓడ బయలుదేరుటకు కొలది దినములు ముందు, భార్యకు చేరవలసిన భృతి ఒక కార్యాలయపు పొరపాటువలన నిలిచిపోయెను. ఆ సంగతి తేల్చుకొనుటకై ఆయనను దళమునుండి తొలగించి వెనుకకు పంపిరి. సత్యమైన పద్దు సైన్యములోనికి తోసినది. తప్పు పద్దు అణుబాంబు నుండి తప్పించినది. ఆ జులైలో సైన్యము నుండి విడుదలయై మరల చదువులో చేరి, 1948లో డాక్టరు పట్టము పొందెను.

1949లో బోస్టన్ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో జీవరసాయన శాస్త్రము బోధించు పని దొరకినది. తన్ను విద్యార్థిగా నొక్క వైద్యకళాశాలయు చేర్చుకొనకపోయినను, వైద్యవిద్యార్థులకే గురువయ్యెను. పాఠము చెప్పుటలో దిట్ట. పరిశోధనలో మాత్రము మనసు నిలువలేదు. 1957 అక్టోబరు 4వ తేదీన రష్యావారి స్పుట్నిక్ ఆకాశమున కెగిరినది. తమ ప్రజలకు శాస్త్రజ్ఞానము చాలదని అమెరికా యులికిపడినది. సామాన్యునకు శాస్త్రము చెప్పుటయే తన పని యని అసిమోవ్ నిశ్చయించుకొనెను. పరిశోధన చేయుమని పైవారును, గ్రంథములు వ్రాయుదునని ఈయనయు పట్టుపట్టగా 1958లో ఆ వివాదము తేలినది. జీతము పోయినది, ఆచార్య నామము మాత్రము ఆయన విడువలేదు. 1979లో విశ్వవిద్యాలయమే ఆయనను పూర్ణాచార్యునిగా చేసెను.

తరువాతి ముప్పదియేండ్ల పని చెప్పినచో పట్టికయే యగును. 1958 నవంబరు మొదలు ఒక మాసపత్రికలో శాస్త్రవ్యాసమును తప్పకుండ నెల నెలా వ్రాసెను, అవి 399. ఖగోళము, అణువు, సంఖ్యలు, రక్తము, గ్రీకుల చరిత్ర, బైబిలు, షేక్స్‌పియరు అనుచు వ్రాసినవియు, కూర్చినవియు కలసి గ్రంథములు సుమారు 500. మన మల్లినాథసూరి కాళిదాసుని కావ్యములకు వలె, ఆయన మిల్టన్, స్విఫ్ట్, బైరన్‌ల కృతులకు వ్యాఖ్యలు వ్రాసెను. గ్రంథాలయములలో పుస్తకముల నమర్చు డ్యూయీ దశాంశ పద్ధతిలో పది వర్గములు కలవు. అందు తొమ్మిదింటిలో ఆయన గ్రంథములున్నవి. క్రమము లేక చదివిన బాలుడు క్రమమెరిగిన బీరువాల నన్నింటిని నింపెనన్నమాట. ఆయన శైలిలో నలంకారము లేదు. ఆయన పాత్రలు ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుటయే గాని వారి ముఖములు మనకు కానరావని విమర్శకు లనిరి. అది యబద్ధము కాదు. చెట్టు, గాలి, వాన ఆ కథలలో కడు తక్కువ. కిటికీ తెరలు దించి వ్రాసినవానికి వాన యెట్లు కనబడును? తలపు మాత్రము అద్దమువలె స్పష్టము.

చిన్నకథలలో రెండింటిని పల్లెపాఠకులు తప్పక చదువదగును. 1958లో వచ్చిన ది ఫీలింగ్ ఆఫ్ పవర్ అను కథలో భవిష్యత్కాలపు జనులు లెక్కలన్నియు యంత్రములకే విడిచి, చేతితో గుణించుట మరచిపోయిరి. ఆబ్ అను నొక చిన్న యుద్యోగి పాతయంత్రముల పని చూచి చూచి, కాగితముమీద గుణకారము చేయు విధము మరల కనిపెట్టును. సేనాపతులు, మంత్రులు తొమ్మిదిని ఏడుచేత గుణించిన నరువది మూడని అతడు చెప్పగా చూచి విభ్రాంతులగుదురు. అంతటితో నవ్వు ముగియును. యంత్రములు ఖరీదైనవి, మనుష్యులు చౌక. లెక్క తెలిసిన మనుష్యులనే కూర్చుండబెట్టి క్షిపణులను నడిపింపవచ్చునని సేనాపతి నిర్ణయించును. ఆ మాట విని ఆబ్ ప్రాణత్యాగము చేసికొనును. ఎక్కాలు వల్లించిన ప్రతివాడును ఈ కథ చదివి కొంతసేపు మాటలాడక కూర్చుండును.

రెండవది ది ఫన్ దే హాడ్. 1951లో పిల్లల కొరకు వ్రాసినది. 2157వ సంవత్సరమున టామీ యను బాలునకు అటుకమీద ఒక పాత పుస్తకము దొరకును. మార్జీ యను బాలిక దానిని వింతగా చూచును. పుటలమీద అక్షరములు కదలక నిలిచియుండుట వారికి వింత. వారికి యంత్రమే గురువు, ఇల్లే బడి. పూర్వము పిల్లలందరు ఒకచోట కూడి, మనుష్యుడైన గురువుకడ చదివిరని ఆ పుస్తకములో తెలిసికొని మార్జీ ఆ పిల్లల సంతోషమును తలచుకొనుచు కూర్చుండును. భారతదేశమున ఎన్‌.సి.ఇ.ఆర్‌.టి. వారు 2006లో ప్రచురించిన తొమ్మిదవ తరగతి ఆంగ్లవాచకమున ఇదియే మొదటి పాఠము. తెలుగునాట ఆ వాచకము చదివిన పిల్లలు అసిమోవ్ పేరు నెరుగుదురు.

నక్షత్రముల నడుమ తిరుగు కథలు వ్రాసిన యీయన జీవితములో విమాన మెక్కినది రెండుసార్లే, ఎత్తన్న భయము. హాస్యప్రియుడు, వక్త, తన గొప్పను తానే చెప్పుకొనుటలో సిగ్గులేనివాడు. అయితే అంతయు మెచ్చదగినది కాదు. సభలలో స్త్రీల యిష్టము లేకయే వారిని తాకి పరిహాసమని చెల్లించుకొను దురలవాటు ఆయనకుండెను. చుట్టునున్నవారు నవ్వి యూరకుండిరి. ఆ స్త్రీలలో పలువురు కీర్తిశాలికి ఎదురు చెప్పలేకపోయిరి. మూడు సూత్రములలో మొదటిది వ్రాసినవానికి హాని యనగా నేమో తెలియదనుట చెల్లదు. గృహజీవితమును సుఖము కాలేదు. దినమంతయు తలుపు మూసికొని వ్రాయువానితో కాపురము కష్టము. గెర్‌ట్రూడ్‌తో వివాహము 1973లో రద్దయ్యెను. ఆ సంవత్సరమే జానెట్ జెప్సన్ అను మనోవైద్యురాలిని వివాహమాడెను. ఆమెయు రచయిత్రియే.

1972లో వచ్చిన ది గాడ్స్ దెమ్‌సెల్వ్స్ అను నవలకు రెండు పెద్ద బహుమానములు వచ్చినవి. పాఠకులు మాత్రము ఫౌండేషన్ కథ మిగిలినదెప్పుడని అడుగుట మానలేదు. వేయేండ్ల కథలో సగమైన కాకుండగనే ఆయన విడిచియుండెను. ప్రచురణకర్త బలవంతము మీద 1982లో నాలుగవ పుస్తకము వెలువడెను. వ్రాయ మొదలిడిన 44 ఏండ్లకు ఆయన పుస్తకము మొదటిసారి న్యూయార్కు టైమ్సు పత్రికవారి అధిక విక్రయముల పట్టికలో చేరినది.

1977లో గుండెపోటు వచ్చెను. 1983 డిసెంబరులో గుండెకు శస్త్రచికిత్స జరిగెను. అప్పుడెక్కించిన రక్తములో ఎయిడ్సు వ్యాధికారకమగు క్రిమి యుండెను. ఆనాటికి రక్తమును పరీక్షించు పద్ధతి వాడుకలోనికి రాలేదు. సంగతి తెలిసిన పిమ్మట లోకమునకు చెప్పవలెనని ఆయన తలచెను. వైద్యులు వలదనిరి, ఆ వ్యాధి పేరు వినిన జనులు కుటుంబమును వెలివేయుదురని వారి భయము. దాచిరి. 1992 ఏప్రిల్ 6వ తేదీన, 72వ యేట, న్యూయార్కులో ఆయన మరణించెను. గుండె, మూత్రపిండములు పనిచేయకపోవుటచే మరణమని ప్రకటించిరి. రెండు దినముల తరువాత, అదే విధముగా రక్తము వలన ఆ వ్యాధి సోకిన ఆర్థర్ ఆష్ అను టెన్నిసు క్రీడాకారుడు తన సంగతిని బహిరంగముగా చెప్పెను. జనుల భయము పోగొట్టుటకు శాస్త్రము చెప్పుటయే వృత్తిగా గలవాడు ఆ యొక్క శాస్త్రసత్యమును చెప్పలేకపోయెను; ఇందు దోషము ఆయనదికంటె ఆ కాలపు భయముదే యెక్కువ. పదియేండ్లకు, 2002లో, జానెట్ ఆయన స్వీయచరిత్రలను సంగ్రహించి వెలువరించిన గ్రంథములో ఆ నిజమును వెల్లడించెను.

ఆయన కాగితములు బోస్టన్ విశ్వవిద్యాలయపు మ్యూగర్ స్మారక గ్రంథాలయములో నున్నవి. అక్కడి సంరక్షకుడు కోరగా ఆయన బ్రదికియున్నప్పుడే ఇచ్చుచుండెను. అవి 464 పెట్టెలు. వరుసగా పేర్చిన 71 మీటర్ల బల్ల నాక్రమించును.